స్ట్రెయిట్ రేజర్‌తో గడ్డం గీసుకోవడం కొత్తగా మొదలుపెట్టేవారు ముందు ఏది కొనాలి, ఏది నేర్చుకోవాలి?

కొత్తచేయి:

నమస్కారం. చాలా ఏళ్లుగా అయిదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ రేజర్ వాడుతున్నాను. బుగ్గల మీద ఇబ్బందేమీ లేదు గానీ, దవడ ఎముక కింద, మెడ మీద మాత్రం గీసుకున్న మర్నాటికల్లా ఎర్రటి పొక్కులు లేస్తున్నాయి. కొన్నిచోట్ల వెంట్రుక బయటికి రాకుండా చర్మం లోపలే చుట్టుకుని ఉండిపోతోంది. ఒకే అలుగు ఉన్న కత్తికి మారితే ఈ బాధ తగ్గుతుందని కొందరు రాయగా చదివాను. అప్పటి నుంచి మడత పిడి గల పాతకాలపు క్షవరపు కత్తితో సొంతంగా గీసుకోవడం నేర్చుకోవాలని ఉంది. పొక్కుల సంగతి అటుంచినా, ఒకే పనిముట్టును నూరుకుంటూ ఏళ్ల తరబడి వాడుకోవచ్చన్న ఆలోచన కూడా నాకు నచ్చింది.

అయితే చదివే కొద్దీ అయోమయం పెరుగుతోంది. బ్లేడు మార్చుకునే షావెట్‌తో చేయి తిరిగాక అసలు కత్తికి వెళ్లాలా, లేక నేరుగా అసలు కత్తితోనే మొదలుపెట్టాలా? కొత్త కత్తి మేలా, ఎవరో వాడి పక్కన పెట్టిన పాత కత్తి మేలా? సానరాళ్లు కూడా ఇప్పుడే కొనాలా? నాది కుడిచేతి వాటం; ఎడమ బుగ్గను కూడా కుడిచేత్తోనే గీసుకోవచ్చా? మెడ మీది పొక్కులు దీనితో నిజంగా తగ్గుతాయా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సానరాయి:

మీరు సానరాళ్ల మాట మధ్యలో ఎక్కడో అడిగారు గానీ, నా లెక్కలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది పదును సంగతే. ఉత్సాహంగా మొదలుపెట్టి నెల తిరగకముందే కత్తిని సొరుగులో పడేసినవారిలో ఎక్కువమంది తమకు చేయి కుదరలేదనే అనుకుంటారు; నిజానికి వారి చేతికి వచ్చిన కత్తికి గడ్డం గీసే పదునే ఉండి ఉండదు. కాగితాన్ని చీల్చే పదును వేరు, చర్మాన్ని తాకీ తాకనట్టు నడుస్తూ వెంట్రుకను మాత్రమే తెంచే పదును వేరు. కొత్త కత్తులు కూడా కార్ఖానా నుంచి చాలాసార్లు తుది నూరుడు సరిగా లేకుండానే వస్తాయి. అందువల్ల అమ్మేవారిని ముందుగా అడగవలసింది కత్తి పేరో, పిడి దేనితో చేశారనో కాదు. దానిని చేత్తో నూరి గడ్డం గీయడానికి సిద్ధం చేసి పంపుతారా, నూరేది ఎవరు అన్నది. దీనికి సూటిగా జవాబు రాకపోతే ఆ కత్తి ఎంత మెరిసినా వదిలేయడం మంచిది.

కత్తి చేతికి వచ్చాక ముంజేతి వెంట్రుకల మీద చర్మానికి కొంచెం ఎత్తులో, గాలిలోనే, నెమ్మదిగా నడిపి చూడండి. సరైన పదునుంటే వెంట్రుకల కొసలు ఏ మాత్రం వంగకుండా తెగి రాలుతాయి. చర్మానికి ఆనించి గీకితే తప్ప తెగడం లేదంటే ఆ కత్తి ఇంకా ముఖం మీద పెట్టదగినది కాదు. బొటనవేలి గోటి మీద వాదరను, అంటే కత్తి పదునైన అంచును, లాగి పరీక్షించే అలవాటు కొందరికి ఉంది. ఉన్న పదును పాడుచేసుకోవడానికి అంతకన్నా తేలిక మార్గం లేదు.

ఇక కొలతలు. ఈ కత్తుల వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతారు. 5/8 అంటే సుమారు 16 మిల్లీమీటర్లు, 6/8 అంటే 19 మిల్లీమీటర్లు. కొత్తవారికి ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది. అంతకన్నా సన్నని కత్తి మీద నురగ తొందరగా నిండిపోతుంది, వెడల్పు కత్తులు ముక్కు కింద ఇమడవు. అలుగు పక్కలను ఎంత లోతుగా తొలిచారన్నది మరో సంగతి. బాగా లోతుగా తొలిచిన కత్తి పలుచగా ఉండి కొద్దిగా వంగుతుంది, వెంట్రుక తెగేటప్పుడు సన్నగా శబ్దం చేస్తుంది. ఆ శబ్దం మారితే కోణం మారిందని చెవికే తెలిసిపోతుంది కాబట్టి నేర్చుకునేవారికి అది ఉపకారమే. తొలవకుండా మందంగా వదిలిన కత్తి ముతక గడ్డాన్ని ధాటిగా కోస్తుంది గానీ, దానిని నూరడం కష్టం. కొస మాత్రం గుండ్రంగా ఉన్నదే తీసుకోండి. పలక కొస, ముల్లు కొస చేయి తిరిగినవారికి మీసం అంచు దిద్దుకోవడానికి పనికొస్తాయి, కొత్తవారికి చెవి తమ్మె దగ్గర గాటు పెడతాయి.

పాత కత్తులను నేను కాదనను. జర్మనీలోని జోలింగెన్, ఇంగ్లండులోని షెఫీల్డ్, ఫ్రాన్సులోని తియేర్, స్వీడన్‌లోని ఎస్కిల్‌స్టూనా ఊళ్లలో తయారైన పాత కత్తుల ఉక్కు ఈనాటి మంచి కత్తులకు ఏ విధంగానూ తీసిపోదు. జిలెట్ కంపెనీ 1903లో పారేసే బ్లేడ్ల రేజర్‌ను అమ్మడం మొదలుపెట్టేదాకా గడ్డం గీసుకోవడమంటే ప్రధానంగా ఈ కత్తితోనే కాబట్టి, అప్పటి కత్తులు లెక్కకు మిక్కిలిగా మిగిలాయి. కానీ కొనేముందు నాలుగు చూడాలి. వాదర మీద వెంట్రుకవాసి చీలిక ఉన్నా అది పనికిరాదు. తుప్పు గుంటలు వెన్ను దగ్గర ఉంటే ఫరవాలేదు గానీ వాదరను ఆనుకుని ఉంటే, నూరే కొద్దీ అవి బయటపడుతూ అంచును విరగ్గొడతాయి. వెన్ను బాగా అరిగి చదునైన పట్టీలా కనిపిస్తే ఎవరో మోటుగా నూరారని అర్థం. పిడి సెల్యులాయిడ్‌ది అయితే, అది పాతబడి చెడిపోయేటప్పుడు విడుదల చేసే ఆవిర్లు మూసి ఉన్న కత్తిని లోపలి నుంచే తుప్పు పట్టిస్తాయి. ఇవన్నీ కళ్లతో చూసి గుర్తుపట్టగలిగేదాకా, నూరడం తెలిసినవారు చూసి ఇచ్చిన కత్తినే కొనండి.

సానరాళ్లు ఇప్పుడు వద్దు. ఈ కత్తిని రాతి మీద పరిచినప్పుడు వెన్ను, వాదర రెండూ ఒకేసారి ఆనుతాయి. వెన్ను మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది కాబట్టి పని సులువనిపిస్తుంది. అయితే 1000 గ్రిట్ (రాతి నునుపును చెప్పే అంకె, అది పెరిగే కొద్దీ రాయి నునుపు) రాతి మీద రెండు వైపులా నూరి అవి ఒకే అంచుగా కలిసేటట్టు చేయడం, తర్వాత 4000, 8000, చివరికి 12000 దాకా ముందటి రాతి గీతలు పోయేటట్టు నూరుకుంటూ వెళ్లడం, ఏ దశలోనూ చేతి బరువు ఒక పక్కకు పోకుండా చూడటం వేరే విద్య. మంచి పదును ముఖానికి ఎలా తగులుతుందో మీకు ఇంకా తెలియదు. అది తెలియకుండా నూరితే మీరు నూరినది బాగుందో లేదో చెప్పగలిగేది ఎవరు? రాళ్లకు పెట్టే ఖర్చును రెండున్నర నుంచి మూడు అంగుళాల వెడల్పున్న తోలుపట్టీ మీద, అంటే గీసుకునే ముందు ప్రతిసారీ కత్తిని తిప్పి వాదరను సరిచేసుకునే పట్టీ మీద పెట్టండి. అది మాత్రం మొదటి రోజు నుంచే కావాలి.

సగంబ్లేడు:

సానరాయి గారు చెప్పిన దానిలో నాకు ఎక్కువ భాగం సమ్మతమే గానీ, షావెట్ ప్రశ్నను ఆయన దాటేశారు. షావెట్ అంటే రెండంచుల బ్లేడును నిలువునా సగం విరిచి పెట్టుకునే మడత రేజర్. దానిలో పదును ఎప్పుడూ కొత్తదే కాబట్టి తోలుపట్టీ అక్కర్లేదు, రాయి అక్కర్లేదు, కత్తిది తప్పా చేతిది తప్పా అన్న అనుమానానికి తావు లేదు. పదిమందికి గీసే వృత్తివారు మనిషి మనిషికీ బ్లేడు మార్చవలసిందే కాబట్టి వారు వాడేదీ ఇదే.

అయినా ఇది మెత్తని గురువు కాదు. కర్మాగారంలో తయారైన ఆ బ్లేడు చిన్న పొరపాటును కూడా మన్నించదు. అలుగు పొట్టిది, తేలికైనది కాబట్టి చేతికి బరువు తెలియక మనిషి తెలియకుండానే ఒత్తిడి పెడతాడు. పైగా బ్లేడు మూలలు బయటికి ఉంటాయి, గాట్లలో సగం వాటివల్లే పడతాయి. షావెట్ కుదిరినవారికి అసలు కత్తి తేలికగానే కుదురుతుంది. నూరుడు, పట్టీ గొడవ మీకు అసలు పడదని ముందే అనుమానం ఉంటేనే దీనితో మొదలుపెట్టండి. మీ మాటల్లో పనిముట్టును కాపాడుకోవాలన్న ఇష్టమే ఎక్కువగా కనిపిస్తోంది కాబట్టి, అసలు కత్తికే వెళ్లమంటాను.

నిదానం:

చేతిపని గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తాను.

తడిసిన వెంట్రుక పొడి వెంట్రుకకన్నా చాలా తక్కువ బలానికి తెగుతుంది. అందుకే స్నానం కాగానే గీసుకోవడం, లేదా గోరువెచ్చని తడి తువ్వాలును రెండు మూడు నిమిషాలు ముఖానికి అద్ది ఉంచడం మంచిది. సబ్బును బ్రష్‌తో చాలాసేపు తిప్పి నురగ చేయండి. గాలి బుడగలు కనిపించకుండా, నునుపుగా మెరుస్తూ చర్మానికి అంటుకున్న నురగ కావాలి. డబ్బాలోంచి వచ్చే నురగ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది గానీ దానిలో తడి తక్కువ, జారుడూ తక్కువే. నురగ ఆరిపోయిన చోట కత్తి పెట్టకూడదు, మళ్లీ పూసుకోవాలి.

పట్టు ఇలా ఉంటుంది. పిడిని పూర్తిగా వెనక్కి తెరిచి పైకి నిలపండి. అలుగుకూ, పిడిని దానితో కలిపే చీలకూ మధ్యనున్న పదునులేని మొండి భాగం మీద చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు ఉంటాయి. దాని కిందివైపు బొటనవేలు ఆనుతుంది. వెనకనున్న వంకీ మీద చిటికెన వేలు నిలుస్తుంది. పిడికిలి బిగించకూడదు, వదులుగానూ ఉండకూడదు.

కోణం గురించి అందరూ 30 డిగ్రీలు అంటారు, కానీ అద్దంలో చూస్తూ డిగ్రీలు కొలవడం ఎవరి తరం? కత్తిని చెంప మీద చదునుగా పరిచి, వెన్నును మెల్లగా పైకి లేపండి. వెన్నుకూ చర్మానికీ మధ్య ఒకటిన్నర నుంచి రెండు వెన్నుల మందం సందు వచ్చిన చోట ఆగి, అక్కడి నుంచి కిందికి నడపండి. సందు మరీ తక్కువైతే వెంట్రుక తెగకుండా లాగుతుంది, ఎక్కువైతే వాదర చర్మాన్ని గీకి మంట పుట్టిస్తుంది. రెండో చేత్తో చర్మాన్ని ఎగువకు బిగలాగి పట్టుకోవడం సగం విద్య. వదులుగా ముడతపడిన చర్మం మీద ఎంత మంచి కత్తి అయినా గాటు పెడుతుంది. వాదర ఎప్పుడూ తనకు అడ్డంగానే, అంటే గీసే దిశలోనే నడవాలి. తన పొడవు వెంబడి వెంట్రుకవాసి పక్కకు జరిగినా అది కోతే.

మొదటి కొన్నిసార్లు సైడ్‌లాక్స్ కింది నుంచి దవడ దాకా, బుగ్గలు మాత్రమే, వెంట్రుకల వాలు వెంబడే గీయండి. మిగిలినది మీ పాత రేజర్‌తో ముగించండి. ఇందులో నామోషీ ఏమీ లేదు; బుగ్గ చదునైనది, అక్కడ చేయి కుదిరాకే మెడకు, ఆ తర్వాతే పైపెదవికి, చుబుకానికి వెళ్లాలి. చుబుకం అన్నిటికన్నా కష్టమైనది, ఎందుకంటే అక్కడ ఎముక గుండ్రంగా తిరుగుతుంటే కోణం ప్రతి అర అంగుళానికీ మారుతుంది, వెంట్రుకలూ అక్కడే ముతక. అక్కడ పొడవాటి గీతలు వద్దు, చిన్నచిన్న గీతలు పెట్టండి.

ఎడమ బుగ్గ ప్రశ్నకు నా జవాబు: ఎడమచేత్తోనే గీయండి. కుడిచేతిని ముక్కు మీదుగా అటు చాపితే అద్దంలో మీ చేయే మీకు అడ్డొస్తుంది. ఎడమచేయి మొదట్లో మొండికేస్తుంది. బ్లేడు పెట్టని షావెట్‌ను ఎడమచేత్తో పట్టుకుని నురగ తీయడం కొన్నాళ్లు సాధన చేస్తే దారికొస్తుంది. అదీ కుదరకపోతే కుడిచేత్తో గీసేవారూ ఉన్నారు, నేరమేమీ కాదు.

మూడు జాగ్రత్తలు ఎక్కడా సరిగా చెప్పరు. కత్తి చేయి జారితే పట్టుకోబోకండి, పడనివ్వండి. పాదాలు వెనక్కి తీసుకోండి చాలు. కత్తిని కడిగేటప్పుడు కుళాయికి తగలనివ్వకండి, వాదర పెళుసు కాబట్టి కొస దగ్గర కంటికి కనిపించని పెచ్చు లేస్తుంది. తుడిచేటప్పుడు గుడ్డను వెన్ను వైపు నుంచి వాదర వైపుకు మాత్రమే లాగండి, వాదర పొడవునా ఎన్నడూ లాగవద్దు.

చర్మరక్ష:

చర్మవ్యాధుల విభాగంలో పనిచేసే వ్యక్తిగా పొక్కుల ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతాను. వరస బ్లేడ్లలో ముందటిది వెంట్రుకను కాస్త పైకి లాగితే, వెనకవి దానిని చర్మం మట్టం కన్నా కిందికి కోస్తాయి. ఆ తెగిన కొస మళ్లీ పెరిగేటప్పుడు బయటికి రాలేక లోపలే వంపు తిరుగుతుంది. ఉంగరాల వెంట్రుకలవారికి ఇది మరీ ఎక్కువ. ఒకే అలుగు వాడటంవల్ల లాభం ఉండవచ్చు గానీ, చర్మాన్ని గట్టిగా బిగలాగి వాలుకు ఎదురు గీస్తే స్ట్రెయిట్ రేజర్ కూడా అదే పని చేస్తుంది. కాబట్టి మీకు మేలు చేసేది కత్తి మారడం కన్నా ఎదురు గీత మానడం. మెడ మీద వెంట్రుకలు ఒకే దిక్కుకు వాలి ఉండవు. రెండు రోజుల గడ్డం ఉన్నప్పుడు వేలితో నాలుగు దిక్కులా నిమిరి, ఎటు నిమిరితే గరుకు తగలడం లేదో ఆ దిక్కును చోటు చోటుకూ గుర్తుపెట్టుకోండి. మీలాంటివారు మెడ మీద వాలు వెంబడి ఒకే దఫా గీసి, మిగిలిన గరుకును అలాగే వదిలేయాలి. ఇప్పుడున్న పొక్కులు తగ్గేదాకా అక్కడ కత్తి పెట్టవద్దు. చీము పట్టినా, నల్లటి మచ్చలు, గట్టి గడ్డలు మిగులుతున్నా వైద్యులకు చూపించాలి.

రక్తం పలచబరిచే మందులు వాడేవారు ఈ కత్తి జోలికి వెళ్లేముందు తమ వైద్యులను అడగాలి. ఒకరి కత్తి మరొకరు వాడకూడదు; హెపటైటిస్ బి, సి వంటివి కంటికి కనిపించని రక్తపు మరకతోనూ సోకగలవు. పాత కత్తి కొన్నప్పుడు దానిని బాగా కడిగి, ఆల్కహాలుతో శుద్ధి చేశాకే వాడండి. చిన్న గాటుకు తడి పటిక రాస్తే రక్తం ఆగుతుంది.

కొత్తచేయి:

అందరికీ కృతజ్ఞతలు. మీ సలహా ప్రకారం 5/8 వెడల్పు, గుండ్రని కొస, కార్బన్ ఉక్కు కత్తిని నూరి సిద్ధం చేసినదే తెప్పించుకున్నాను. బుగ్గలు రెండూ కుదిరాయి, మెడ మీద వాలు వెంబడి ఒక్క దఫాతో ఆపుతున్నాను, అక్కడ పొక్కులు తక్కువగానే కనిపిస్తున్నాయి. మొదట్లో కత్తి నురగలో తేలుతున్నట్టు నడిచేది. ఇప్పుడు మాత్రం కుడి బుగ్గ మీద బాగానే ఉన్నా, ఎడమ వైపుకు వచ్చేసరికి వెంట్రుకలను లాగుతోంది. గీసుకునే ముందు ప్రతిసారీ తోలుపట్టీ మీద తిప్పుతూనే ఉన్నాను. దీనిని మళ్లీ నూరించాలా?

సానరాయి:

తొందరపడి నూరించకండి. ఎడమ వైపు మాత్రమే లాగుతోందంటే ముందుగా ఎడమచేతి కోణాన్ని అనుమానించాలి. కొత్త చెయ్యి వెన్నును చర్మానికి మరీ దగ్గరగా పట్టుకుంటుంది. ఒకసారి ఎడమ బుగ్గను ముందు గీసి చూడండి. అప్పుడు కూడా ఎడమ వైపే లాగితే తప్పు చేతిది. ఏ వైపు తర్వాత గీస్తే ఆ వైపు లాగుతుంటే పదునుది.

పదునుదే అయితే తోలుపట్టీ మీద మీ చేతివాటం చూసుకోండి. పట్టీ బిగువుగా ఉండాలి, మధ్యలో కుంగకూడదు. కుంగితే వాదర కొస గుండ్రబడిపోతుంది. ఎక్కువమంది చేసేది ఇదే, పైగా పట్టీ మీద తిప్పే కొద్దీ పదును తగ్గుతుంటే ఇంకా ఎక్కువ తిప్పుతారు. కత్తి వెన్ను, వాదర రెండూ తోలుకు ఆని ఉండగా వెన్ను ముందు నడవాలి, వాదర వెనక రావాలి. రాతి మీద నడకకు ఇది సరిగ్గా తలకిందులు. చివరికి చేరాక ముందు ఆగి, అప్పుడు వెన్ను మీదే దొర్లించి మరోవైపుకు తిప్పాలి. వెన్ను తోలును వదలకూడదు. మణికట్టు తిప్పవద్దు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మొండి భాగాన్ని దొర్లించండి. కత్తి బరువు చాలు, చేతి బరువు వద్దు. వేగం దానంతట అదే వస్తుంది. తొందర చేస్తే పట్టీ తెగుతుంది. పట్టీకి తోలుతో పాటు ఉండే గుడ్డ వైపు 20 సార్లు, తోలు వైపు 40 నుంచి 50 సార్లు, పోయి రావడం కలిపి ఒకటిగా లెక్కపెట్టి తిప్పండి.

గీసుకున్నాక ఏం చేస్తున్నారో మీరు రాయలేదు. కార్బన్ ఉక్కు వాదర అంత పలుచని చోట కంటికి కనిపించని తుప్పు కూడా పదును తినేస్తుంది. కత్తిని తుడిచి, పిడి రెండు చెక్కల మధ్య నుంచి పలుచని కాగితాన్ని లాగి చీల దగ్గరి తడిని తీసి, గాలికి కొంతసేపు తెరిచి ఉంచండి. స్నానాల గదిలో పెట్టవద్దు. కొన్నాళ్లు వాడకుండా ఉంచేటట్టయితే మినరల్ ఆయిల్‌ను పలుచగా రాయండి.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా ముంజేతి వెంట్రుకల మీద గాలిలో తెగడం లేదంటే, విడిగా మరో గుడ్డపట్టీ మీద 0.5 మైక్రాన్ క్రోమియం ఆక్సైడ్ ముద్దను (వాదరకు మెరుగుపెట్టే సన్నని పొడి కలిపిన ముద్ద) చాలా పలుచగా పూసి, దాని మీద పది సార్లకు మించకుండా తిప్పి, తర్వాత మామూలు తోలు మీద ఎప్పటిలాగే తిప్పండి. మీరు రోజూ వాడే తోలుకు మాత్రం ఆ ముద్ద తగలనివ్వకండి, ఒకసారి అంటిందంటే పూర్తిగా పోదు. అప్పటికీ లాగుతుంటే మొదట నూరి ఇచ్చినవారికే పంపండి. పంపేటప్పుడు వెన్ను మీద టేపు అంటించి నూరారా, ఊరికే నూరారా అన్నది అడిగి రాసిపెట్టుకోండి. టేపుతో నూరిన కత్తిని తర్వాత ఎవరైనా టేపు లేకుండా రాతి మీద పెడితే కోణం తగ్గి, రాయి వాదర కొసను తాకకుండా దాని వెనక భాగాన్నే అరగదీస్తుంది.